పంటికి వెల్ల

శ్రావణ ముహూర్తాలు దగ్గరపడితే చాలు, ఫోన్లో పట్టుచీరల ప్రకటనల మధ్య పళ్ళ ప్రకటన ఒకటి దూరుతోంది. క్లినిక్కుకు పోనక్కర్లేదట. డాక్టరు చేసే వైట్‌నింగ్ మన ఇంట్లో, మన సోఫాలో, సీరియల్ చూస్తుండగానే అయిపోతుందట. వారం తిరిగేసరికి పళ్ళు ఎన్నో షేడ్లు తేలుతాయట. పెట్టె విప్పితే సిరంజిలో జెల్, రబ్బరు ట్రే, నీలం లైటు, పళ్ళ రంగులు అచ్చేసిన అట్ట ఉంటాయి. లేనిదల్లా డాక్టరే. ఆ లోటు మనమే పూడుస్తాం. నోరు తెరిచేదీ మనమే, లోపల చూసేదీ మనమే, చివర్లో అద్దం ముందు మార్కులు వేసుకునేదీ మనమే. రెండు వేలు పోసినవాడే పేపరు దిద్దుకుంటుంటే ఫెయిలయ్యే ప్రసక్తి ఎక్కడిది?

అసలు పన్ను తెల్లగా ఉండాలని ఎవరన్నారు? కవుల్ని అడిగి లాభం లేదు. ఒకాయన మొల్లమొగ్గలంటాడు, ఇంకొకాయన దానిమ్మ గింజలంటాడు. పన్నునే అడిగితే నయం. పైనున్న ఎనామిల్ వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాని కిందుండే డెంటిన్ పుట్టుకతోనే పసుపు. వయసుతో పై పొర అరిగేకొద్దీ ఆ పసుపు ఇంకాస్త బయటపడుతుంది. అంటే చాలామంది గార అనుకుని సిగ్గుపడేది తమ సొంత పన్నును చూసే. డాక్టర్లు రంగు పోల్చడానికి వాడే విటా క్లాసికల్ వరసలో 16 షేడ్లున్నాయి, వాటిలో ఒక్కటీ వాష్ బేసిన్ తెలుపు కాదు. ఆ తెలుపు కోరేవాళ్ళు ఎక్కువయ్యాక వాళ్ళకోసం విడిగా బ్లీచ్ షేడ్లు తయారు చెయ్యాల్సి వచ్చింది.

ఇంట్లో పళ్ళు తెల్లబరచుకోవడం మొత్తం బూటకమని నేననను. 1960ల్లో అమెరికాలో చిగుళ్ళ బాధకు కార్బమైడ్ పెరాక్సైడ్ వాడించిన ఒక ఆర్థోడాంటిస్టు, చిగుళ్ళతోపాటు పళ్ళ రంగూ మారడం గమనించాడు. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ తెల్లబరిచే పద్ధతిని పత్రికలో ప్రకటించారు. నోటి అచ్చు తీసి చేసిన పల్చటి ట్రే, అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్, రాత్రిళ్ళు, కొన్ని వారాలు. అది పనిచేస్తుంది. కాకపోతే అందులో డాక్టరు ముందు పిప్పిపన్ను ఉందేమో చూస్తాడు, గార తీస్తాడు, అచ్చు తీస్తాడు, మధ్యలో ఓసారి రమ్మంటాడు. కొరియర్లో వచ్చే పెట్టె ఇందులోంచి ‘ఇంట్లో’ అన్న భాగాన్ని ఉంచుకుని మిగతాదంతా గుమ్మంలోనే వదిలేసింది.

అందరి నోటికీ సరిపోయే ట్రే ఎవరి నోటికీ సరిపోదు. జెల్ పొంగి చిగుళ్ళ మీదికి పాకితే అవీ తెల్లగా పాలిపోయి మండుతాయి. (చిగుళ్ళకు వైట్‌నింగ్ ఉచితమని పెట్టెమీద రాసుకోరు, పాపం మొహమాటం.) పెరాక్సైడ్ పంటిలోకి ఇంకే పదార్థం, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ఎప్పుడో పెట్టించుకున్న క్యాప్ మాత్రం దేనికీ చలించదు. చుట్టుపక్కల పళ్ళన్నీ తెల్లబడ్డాక అదొక్కటే పాత రంగులో నిలబడి తన వయసు చాటుతుంది. దాన్ని మార్పించాలంటే, ఏ డాక్టరు అక్కర్లేదనుకున్నామో ఆయన గుమ్మమే తొక్కాలి.

ఇక పథ్యం. ఆ కొన్నాళ్ళూ రంగున్నదేదీ నోట పెట్టొద్దని చీటీలో ఉంటుంది. ఆ చీటీ రాసినవాడు తెలుగువాళ్ళింట ఎన్నడూ విస్తరి ముందు కూర్చుని ఉండడు. కాఫీ, టీ సరే. పసుపు వద్దంటే పప్పు పోయింది, పులిహోర పోయింది. ఆవకాయ పోయింది, గోంగూర పోయింది, చేపల పులుసు పోయింది. మిగిలింది ఇడ్లీ, అదీ కారప్పొడి లేకుండా, ఆపైన పెరుగన్నం. పెళ్ళికి ముందు చుట్టాలు విందుకు పిలిస్తే పెళ్ళికొడుకు మజ్జిగ పోసుకుని లేస్తాడు. ‘‘బాబుకి ఒంట్లో బాగోలేదా వదినగారూ?’’ అని ఆడపెళ్ళివారు కంగారుపడతారు. ‘‘అబ్బే, పళ్ళకి మందు పెట్టాడండీ’’ అనేసరికి అనుమానం పెద్దదవుతుంది. ఇంత తపస్సుకు వచ్చిన తెలుపులోనూ కొంత పొడిబారిన తెలుపే. ట్రే తీసిన వెంటనే పన్ను తేమ పోయి మరీ తెల్లగా కనిపిస్తుంది, ఉమ్మి తగిలాక కొంత వెనక్కి తగ్గుతుంది. ప్రకటనలో ‘తర్వాత’ ఫొటో ఎప్పుడు తీసుంటారో మీరే ఊహించండి.

నీలం లైటుకు పనికన్నా పేరెక్కువ, పని జెల్‌దే. ఊదారంగు సీరం ఇంకా ముచ్చట. పసుపు మీద ఊదా పూస్తే కంటికి తెలుపనిపిస్తుంది. పంచెలకు నీలిమందు పెట్టిన ప్రతి ఇంటికీ తెలిసిన విద్యే ఇది, ఆయుష్షు పుక్కిలించే దాకా. బొగ్గు పేస్టు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మన తాతలు బొగ్గుపొడి, కచ్చిక అరచేతిలో పోసుకుని తోముకుంటుంటే మొరటు అలవాటని మాన్పించి చేతికి ట్యూబిచ్చారు. ఇప్పుడు అదే బొగ్గును ట్యూబులో పెట్టి తిరిగి అమ్ముతున్నారు. 2017లో అమెరికా డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష, బొగ్గు ఉత్పత్తులు సురక్షితమనడానికి గానీ పనిచేస్తాయనడానికి గానీ తగిన ఆధారం లేదని తేల్చింది. పేస్టుకు డబ్బు దండగనుకునేవాళ్ళకు నిమ్మరసం, వంటసోడా చిట్కాల వీడియోలు ఎలాగూ ఉన్నాయి. నిమ్మ పులుపు ఎనామిల్‌ను కరిగిస్తుంది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?

ఈ ప్రకటనల్లో ‘ముందు’ ఫొటోకి నిలబడేవాడి పళ్ళు కాఫీ మరకంత పసుపే. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మర్రిగూడ పళ్ళూ కనిగిరి పళ్ళూ అక్కడ కనిపించవు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే వైద్యపత్రికకెక్కింది. చిన్నప్పుడు దవడలో పన్ను తయారవుతుండగానే నీళ్ళలోని ఫ్లోరైడ్ చేసిన గోధుమరంగు మచ్చ అది, పైపూతలకు పోదు. నల్లగొండ పేరుమీద ప్రపంచానికి తెలిసిన పద్ధతి ఒకటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గిస్తారు. అక్కడ బ్లీచింగ్ అంటే అదీ. దానికి ఇన్‌ఫ్లుయెన్సర్ దొరకడు, డిస్కౌంట్ కూపనూ ఉండదు.

యూరప్‌లో 2012 నుంచి 0.1 శాతం దాటిన పెరాక్సైడ్ వైట్‌నింగ్ సరుకును నేరుగా జనానికి అమ్మకూడదు. 6 శాతం దాకా డాక్టరుకే అమ్మాలి, మొదటి విడత ఆయన దగ్గరే జరగాలి, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అసలే వాడకూడదు. మన దగ్గర పెరుగు ప్యాకెట్ తెచ్చే కుర్రాడే దీన్నీ తెచ్చిస్తాడు.

అన్నట్టు, ఈ ఖర్చంతా ఆల్బం కోసమైతే ఒక మాట. పెళ్ళి ఫొటోగ్రాఫర్ ఎడిటింగ్‌లో పెళ్ళికొడుకు దగ్గర్నుంచి మేళగాడి దాకా అందరి పళ్ళూ ఎలాగూ తెల్లగా చేసేస్తాడు. ప్యాకేజీలోనే వస్తుంది, ఆవకాయ మానక్కర్లేదు.