గొడ్డలి పండితుడు

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా మీరు ఏ ఊరికి వెళ్లినా అక్కడొక గొడ్డలి పండితుడు తగులుతాడు. పింఛను వస్తుంటుంది, జేబులో భూతద్దం ఉంటుంది, జన్మలో ఒక్క మొద్దు చీల్చి ఉండడు. ఎవరింటి అటక మీదో, పశువుల కొట్టం చూరులోనో పాత గొడ్డలి బయటపడిందంటే చాలు, పెళ్లిచూపులకు బయల్దేరినట్టు ఉతికిన ధోవతి కట్టుకుని దిగిపోతాడు. వచ్చీరాగానే గొడ్డలిని ముట్టుకోడు. ముందు కుర్చీ, తర్వాత చాయ్, ఆ తర్వాతే చూపు.

"సూడు బిడ్డా, కొట్టినోని పేరు గొడ్డలే చెప్తది. ఇనే చెవులుండాలె" అంటాడు.

అని గోటితో మీటుతాడు. టంగుమంటే సంస్థానం సరుకు. టక్కుమంటే కంపెనీ సరుకు. ఏమీ మోగకపోతే పాపం గొడ్డలికి వయసు మీదపడిందట.

ఇక ఏ సంస్థానమన్నది ఆయన కూర్చున్న ఊరిని బట్టి తేలుతుంది. గద్వాలలో కూర్చుంటే, సోమనాద్రి కోట కట్టించిననాడు చెట్లు నరికిన గొడ్డలి అదే. దాన్నే కృష్ణ దాటించి వనపర్తికి తెస్తే రాజావారి ఆయుధశాలది అయిపోతుంది. ఆ రాజావారి ప్యాలెస్‌లో ఏళ్ల తరబడి పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది కదా, వర్క్‌షాపులో ఏ కుర్రాడో ప్రాక్టికల్స్ మార్కుల కోసం సాగగొట్టిందేమో అని ఎవరన్నా అన్నారా, సగం తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాడు. అది అలక. నాగర్‌కర్నూల్ చేరేసరికి అదే గొడ్డలి చెంచులది. నల్లమల అంత దగ్గరున్నాక కాదనేదెవరు? నిజానికి చెంచులు గొడ్డలి పట్టడంలో ఘనులే గాని కొలిమి పెట్టినవాళ్లు కారు. వాళ్లకు ఇనుప సామాను మైదానం కమ్మరుల దగ్గర్నుంచే వచ్చేది. 2016 అక్టోబరులో పాలమూరును విడదీసి ఈ మూడింటినీ మూడు జిల్లాలు చేశారు గాని, అంతకుముందే ఈయన మూడు చరిత్రలు సిద్ధం చేసి ఉంచాడు.

ఒకసారి ఒక గొడ్డలి మీద చిలుము గీకితే ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి: కాస్ట్ స్టీల్. పండితుడు లేచి నిలబడ్డాడు.

"కాస్ట్ దొర! నైజాం కాలంల పట్నంల ఉంటుండె!"

కాస్ట్ స్టీల్ దొర పేరు కాదు. మూసలో కరగబోసిన ఉక్కు అని దానర్థం. 1740లలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ ఆ పద్ధతి పట్టుకున్నాడు, తర్వాత ఎందరో పనిముట్లవాళ్లు ఆ మాటను గొప్పగా గుద్దుకున్నారు. అది ఏ రకం ఉక్కో చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. మూసలో ఉక్కు కాచడం అంతకుముందే మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఉన్న విద్య. అక్కడి ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి మరీ కొనుక్కుపోయేవారు, కత్తులకు. ఇదంతా వివరంగా చెబితే ఆయన తొడ చరిచాడు.

"మరి నేనేమంటున్న? కాస్ట్ దొరది కోనసముద్రమే!"

మన పల్లె గొడ్డళ్ల మీద ఏ ముద్రా ఉండదు. స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ కార్ఖానా కమ్మరి తాను కొట్టిన గొడ్డలి మీద తన పేరు పొడి అక్షరాలు గుద్దుతాడు. మన కమ్మరికి ఆ అవసరం ఎక్కడిది? ఊరికి ఒకటే కొలిమి. కొట్టినవాడికి తెలుసు, పట్టుకుపోయినవాడికి తెలుసు. కల్లంలో గింజలు కొలిచిననాడు లెక్క తీరిపోయేది. అంచు విరిగితే తిట్టడానికి మనిషి ఎదురుగానే ఉండేవాడు.

అలాంటి ముద్ర లేని గొడ్డలినే వనపర్తి దగ్గర ఒక కొలిమికి తీసుకెళ్లాం. పండితుడు వెంట రాక మానతాడా? కమ్మరి కామ ఊడదీశాడు. బెజ్జంలో బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. పట్టీ మడిచి అతికిన చోట గీత మీద వేలు ఆపి, వెలుతురులోకి ఒరిగించి చూశాడు. భూతద్దం అడగలేదు.

"లారీ కమాన్ పట్టా సారూ ఇది. మా పెద్దనాయిన కొట్టిండు. ఆయనది ఎడమచెయ్యి, బెజ్జం ఎప్పుడు కొట్టినా గింత పక్కకు ఒరుగుతుండె."

అందరం పండితుడి వైపు చూశాం. ఆయన చెప్పే సోమనాద్రి నాటికీ లారీకీ మధ్య రెండు వందల ఏళ్లకు పైగా ఖాళీ ఉంది. ఆయన కండువా సర్దుకున్నాడు.

"సంస్థానం లారీ అయ్యుంటది" అన్నాడు.

మీ అటక మీద కూడా పాత గొడ్డలి ఉంటే గ్రైండరు పట్టించి మెరిపించకండి. అతుకు గీతలు పోయాయంటే కమ్మరి కూడా ఏమీ చెప్పలేడు. మీ వైపు కొలిమి ఇంకా రగులుతుంటే ముందు అక్కడికి తీసుకెళ్లి, కామ ఊడదీయించి బెజ్జం చూపించండి. పండితుడికి కబురు పెట్టనక్కర్లేదు, ఆయనే వస్తాడు. చాయ్‌లో చక్కెర మాత్రం తక్కువ వేయండి, షుగరుంది.