టమాటా ‘లాకరు’ మర్యాదలు

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 150 రూపాయలు దాటింది. ఆ నెలంతా మా ఇంట్లో టమాటా పప్పు ఒట్టి ‘పప్పు’గా చలామణీ అయింది. రైతు బజారులో రాయితీ మీద 50 రూపాయలకే ఇస్తున్నారని తెలిసి నాన్న సంచి పట్టుకుని బయల్దేరారు. రెండు గంటలు క్యూలో నిలబడి, ఒక్క కిలోతో దిగ్విజయంగా తిరిగొచ్చారు.

‘‘చారులో వేస్తావా, బీరువాలో పెడతావా?’’ అన్నారు అమ్మతో.

‘‘బీరువాలో ఎలాగూ ఏమీ లేదుగా, చోటుకేం కొదవ!’’ అంది అమ్మ.

‘‘మేం చింతపండుతోనే చారు కాచాం. అయినా మీరంతా పెరిగి పెద్దవాళ్లయ్యారు’’ అని నానమ్మ తీర్పు చెప్పింది.

ఇంతలో పక్కింటావిడ గిన్నె పట్టుకుని రెండు టమాటాలు అడిగింది. అమ్మ నాలుగు వేసింది. నాన్న గుండె పట్టుకున్నారు. మర్నాడు ఆ గిన్నె గోంగూర పచ్చడితో తిరిగొచ్చింది. మా వీధిలో ఖాళీ గిన్నె వెనక్కి పంపే అలవాటు లేదు మరి!

సెప్టెంబరుకల్లా ధర పాతాళానికి పడింది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో రైతులు కోత కూలీ కూడా రాక టమాటాలను రోడ్డు పక్కన పారబోశారు. ధర పెరిగితే మేం జోకులు వేసుకున్నాం. పడిపోతే ఆ రైతు ఇంట్లో ఎవరు నవ్వాలి?

కష్టాన్ని నవ్వుతూ దాటేయడం మాకొచ్చు. ధరను నిలబెట్టడం ఏలినవారు నేర్చుకోవాలి.