మేడ మీద చేప, మీటరు మీద కన్ను

కూరకు కావలసిన చేపల్ని ఇంట్లోనే పెంచుకుందామని ఎవరైనా అంటే, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు మన తెలుగిళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "పెంచితే ఏం పోయింది, నీళ్లే కదా!" అనేది ఒకటి. "మరి మంగళవారం వాటి గతేమిటి?" అనేది రెండోది. రెండో మాట అన్నవారు కాస్త ఆలోచించినవారు. కొంపలు ముంచేది మొదటి మాటే. చేపను పెంచేది మేత కాదు, మమకారం అసలే కాదు, నీరు మారుతూ ఉండటం. నీరు తనంతట తాను మారే చోట చేప కూరవుతుంది. మారని చోట కరెంటు బిల్లవుతుంది. ఈ సంగతి చేపకు పుట్టుకతోనే తెలుసు. మనకు మాత్రం రెండు నెలలకోసారి మీటరు చూసేవాడు వచ్చి చెప్పాలి.

మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టి చేపపిల్లల్ని వదిలారనుకుందాం. అవి తిన్న మేతలోని మాంసకృత్తుల్లో చాలా భాగం అమ్మోనియాగా మారి మొప్పల గుండా మళ్లీ ఆ నీళ్లలోకే వస్తుంది. చెరువులో అయితే ఆ మురికి నాలుగు దిక్కులకూ పోతుంది. ట్యాంకులో పోవడానికి దిక్కేలేదు. పైగా ఎండ. నడివేసవి కత్తిరి రోజుల్లో తమిళనాడు ఉష్ణోగ్రతల పట్టికలో తిరుత్తణి పేరు తరచు పైవరసలోనే ఉంటుంది. ఇరవై డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. ముప్పై డిగ్రీలకు అది 7.5కు దిగుతుంది. చేప సుఖంగా ఉండాలంటే 5 అయినా ఉండాలి. వేడికి చేప ఆకలీ పెరుగుతుంది, ఆయాసమూ పెరుగుతుంది, గాలి మాత్రం తగ్గుతుంది. అందుకే గాలి పంపు. అరవై వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగితే రోజుకు 1.44 యూనిట్లు, రెండు నెలలకు 86. తమిళనాడు ప్రభుత్వం 2016 నుంచి ప్రతి ఇంటికీ రెండు నెలలకు వంద యూనిట్లు ఉచితంగా ఇస్తోంది. అందులో 86 చేపలకు పోతే, ఇంటి యజమాని ఫ్యానుకు, ఫ్రిజ్జుకు, సీరియళ్లకు కలిపి మిగిలేది పద్నాలుగు. ఆ పంపు కూడా కరెంటు ఉన్నంతసేపే. కిక్కిరిసిన ట్యాంకులో ఒక్క రాత్రి గాలి ఆగితే తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. కాబట్టి ఇన్వర్టరు కొనాలి. అప్పటికి మీరు పెంచుతున్నది చేపల్నో ఇన్వర్టరునో తేల్చుకోవడం కష్టం.

"బయోఫ్లాక్ ఉందిగా!" అంటారు తెలిసినవారు. ఉంది. నీళ్లలో బెల్లం కలిపితే ఆ కర్బనం అండతో సూక్ష్మజీవులు అమ్మోనియాను మింగి గుంపులు కడతాయి, ఆ గుంపుల్ని చేపలు తింటాయి. తిరువళ్లూరు వారికి నీళ్లలో బెల్లం కలపడం కొత్తేమీ కాదు. వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కరిగినట్టే తమ రోగాలూ కరిగిపోవాలని భక్తులు ఎప్పటినుంచో వేస్తున్నారు. తేడా ఏమిటంటే, అక్కడ వేసి దండం పెట్టి వచ్చేస్తే మిగతాది వైద్య వీరరాఘవుడే చూసుకుంటాడు. ఇక్కడ వేశాక అమ్మోనియా ఎంత, ఆమ్లత ఎంత అని గాజు గొట్టం పట్టుకుని మనమే చూడాలి. గాలి కూడా మామూలు కంటే ఎక్కువే కావాలి.

సరే, అన్నీ కుదిరి ఆరు నెలలకు పదిహేను కిలోలు వచ్చాయనుకుందాం. కిలో చేపకు కిలోన్నర మేత చొప్పున ఇరవై రెండున్నర కిలోల మేత కొన్నట్టు. పదిహేను కిలోల్ని ఇరవై ఆరు వారాలకు పంచితే వారానికి ఆరు వందల గ్రాముల లోపే. పొలుసు, పేగులు పోగా నలుగురికి ఒకపూట పులుసు. అది కూడా తినే రోజు దొరికితేనే. మంగళవారం సుబ్రహ్మణ్యస్వామిది, శుక్రవారం అమ్మవారిది, శనివారం పెరుమాళ్లది. కృత్తిక వస్తే తిరుత్తణిలో మాంసం మాటే ఎత్తరు. పురట్టాసి నెల మొత్తం సెలవు, కార్తీకం పాటించేవాళ్లకు ఇంకో నెల. ఉపవాసం మనకే తప్ప చేపకు లేదు. ఆ రోజుల్లోనూ వేళకు మేత పడాల్సిందే.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. బజారు చేపను నమ్మేదెలా? 2018లో ఫార్మలిన్ భయంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల్ని కొన్నాళ్లు ఆపేసింది కదా? భయం న్యాయమైనదే. అయితే ఫార్మలిన్ అవసరం దూరప్రయాణం చేసే చేపకు. పులికాట్ సరస్సు దక్షిణపు కొస తిరువళ్లూరు జిల్లాలోనే ఉంది. 1944లో కట్టిన పూండి జలాశయం తిరువళ్లూరుకు పది పన్నెండు కిలోమీటర్లే. 1996 నుంచి కృష్ణా నీళ్లు కూడా అక్కడికి చేరుతున్నాయి. తెల్లవారుజామున వలలో పడ్డ చేప మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా కనిపించే చోట ఉంటూ, అదే ఎరుపు కోసం మేడ మీద కరెంటు కాల్చడం దేనికి? రెండో అభ్యంతరం సబ్సిడీ. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మామూలుగా 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం ఇస్తారు. ఇంటి పత్రాల్లో ఏనాడూ పేరు లేని భార్య ఈ దరఖాస్తులో మాత్రం హఠాత్తుగా యజమానురాలవుతుంది. కానీ సబ్సిడీ ట్యాంకు కొనిపెడుతుందే తప్ప రాత్రి రెండింటికి లేచి పంపు చూడదు.

మరి ఎవరూ పెంచొద్దా? పెంచాల్సినవాళ్లు ఉన్నారు. పళ్లిపట్టు, తిరుత్తణి పల్లెల్లో బోరు నీళ్లు ముందు తొట్టిలో పడి, తర్వాత పొలానికి పారే తోటలున్న రైతులు. తమిళనాట వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితం. మడికి నీరు పారించాలి కాబట్టి తొట్టి నీరు ఎలాగూ రోజూ మారుతుంది, చేప విసర్జించిన మురికి మల్లెకో అరటికో ఎరువవుతుంది. అక్కడ చేప ఖర్చు కాదు, కొసరు. తిలాపియా వేస్తే 1952లో మన దేశానికి వచ్చిన పాత రకం జోలికి పోవద్దు, దానికి కుటుంబ నియంత్రణ తెలియదు. గిఫ్ట్ అనే మెరుగైన తిలాపియా రకానికి అనుమతి తీసుకోవాలి. ఎంత చవగ్గా వచ్చినా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ వద్దు, దాని పెంపకం నిషేధం. పొన్నేరిలో మత్స్య కళాశాల ఉంది. చేపపిల్లల్ని కొనకముందే అక్కడికి వెళ్లి అడగండి, కొన్నాక అయితే ఓదార్పే దొరుకుతుంది. తోటలో తొట్టి ఉంటే రేపే మొదలుపెట్టండి. ఉన్నది మేడ మాత్రమే అయితే, దాని మీద వడియాలు పెట్టుకుని చేప కోసం పూండికి బస్సెక్కండి.