కలాబ్రియా వయా గుంటూరు

మా బావగారు బెంగళూరు వస్తే భోజనం ఎక్కడన్నది మా ఇంట్లో చర్చకు వచ్చే విషయం కాదు. రైలు దిగుతూనే తీర్పు చెప్పేస్తారు. "రెసిడెన్సీ రోడ్డు, నాగార్జున. పప్పు, కందిపొడి, నెయ్యి. మిగతా సంగతులు తర్వాత." ఈసారి మా అమ్మాయి అడ్డం పడింది. "గుంటూరు నుంచి రాత్రంతా రైల్లో వచ్చి మళ్లీ గుంటూరు భోజనమే చేస్తే టికెట్టు దండగ కదా మావయ్యా! మన సందు చివర గ్రీకు-ఇటాలియన్ రెస్టారెంటు పెట్టారు. చాలా క్యాజువల్‌గా ఉంటుంది" అంది.

క్యాజువల్ అంటే ఏమిటని ఆయన నన్నడిగారు. చెప్పులతో వెళ్లొచ్చని అర్థం చెప్పాను. చెప్పులతో వెళ్లినా బూట్ల బిల్లే వస్తుందని అప్పటికి నాకూ తెలియదు.

మాది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. ఇక్కడ ఏ షట్టరూ మూడేళ్లకు మించి ఒకే పేరుతో ఉండదు. ఇప్పుడు గ్రీసు వెలసిన చోట మొన్నటిదాకా జిరాక్సు షాపు ఉండేది. అంతకుముందు 'ఆంధ్రా భోజనం కలదు' అని బోర్డు పెట్టిన పీజీ హాస్టలు. ఇప్పుడు గోడలకు తెల్లసున్నం కొట్టి, తలుపుకు నీలం రంగు వేసి, శాంటోరిని ద్వీపం అంటున్నారు. గుమ్మం పైన గులాబి రంగు ప్లాస్టిక్ కాగితప్పూలు వేలాడుతున్నాయి. అసలు కాగితప్పూల తీగ ఎదురింటి ప్రహరీ మీద విరగబూసి ఉంది. దాన్నెవరూ ఫొటో తీయడం లేదు.

మెనూ చేతికిచ్చారు. మనది ప్రాచ్య ఇటాలియన్ అని నికోలో కోంటీ అన్నాడని తరతరాలుగా ఊరూరా చెప్పుకుంటున్న జాతి మనది. పదమేదైనా అచ్చుతో ముగించనిదే మనకు నిద్రపట్టదు. బస్ వస్తే బస్సు చేస్తాం, కార్ వస్తే కారు చేస్తాం. అలాంటిది పిజ్జా, పాస్తా, లసాన్యా అని అన్నీ తయారుగా అజంతాలై వస్తే ఇంకేం కావాలి? చిన్నప్పుడు ఎక్కాలు చదివినట్టు చదివేయొచ్చు అనుకున్నాను. ఎక్కడ, 'గ్నోచ్చి' అనగానే మా అమ్మాయి నా మోకాలి మీద తట్టింది. "నాన్నా, న్యోక్కి!" అక్షరమాలలో ఞ అనే అక్షరాన్ని పెద్దలు ఎందుకు పెట్టారో, ఒకటో తరగతిలో దానికోసం వీపు మీద ఎందుకు తిన్నానో, ఆ రాత్రి తెలిసింది. ఞ్యోక్కి. ఏమిటా అంటే ఆలుగడ్డ ఉండలు. 540 రూపాయలు.

ముందుగా త్జాత్జీకి వచ్చింది. పేరు పలకడానికే ఒక గుటక మంచినీళ్లు కావాలి. చూస్తే కీరదోసకాయ తురిమి, వెల్లుల్లి దంచి వేసిన పెరుగు పచ్చడి. తాలింపు మాత్రం మర్చిపోయారు. పక్కన పీటా రొట్టెను నాలుగు ముక్కలు కోసి పెట్టారు. 390 రూపాయలు. బావగారు ఒక ముక్క ముంచి తిని, "బాగుంది, అన్నం ఎప్పుడొస్తుంది?" అన్నారు.

తర్వాత గ్రీకు సలాడ్. టమాటాలు, ఉల్లిపాయలు, కీర, నల్ల ఆలివ్ కాయలు, పైన తెల్లటి ఫెటా ముక్కలు. ఆ ఫెటా వెనక పెద్ద వ్యాజ్యమే ఉంది. గ్రీసులోని నిర్ణీత ప్రాంతాల్లో, కనీసం 70 శాతం గొర్రెపాలతో, మిగిలింది మేకపాలతో చేస్తేనే ఫెటా అనాలని 2002లో ఐరోపా సమాఖ్య శాసించింది. డెన్మార్క్ వాళ్లు తమ జున్నును అదే పేరుతో బయటి దేశాలకు అమ్ముకుంటున్నారని 2022లో ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టింది కూడా. ఇదంతా నేను బావగారికి గంభీరంగా వివరించి, సర్వరు కుర్రాణ్ణి పిలిచి, ఇది గొర్రెపాలదేనా అని అడిగాను. "లోకల్ సార్, ఆర్టిజనల్. ఆవుపాలు" అన్నాడు గర్వంగా. గొర్రె లేని ఫెటాకు డెన్మార్కును కోర్టుకు లాగినవాళ్లు మా సందు దాకా రాలేదన్నమాట. "పల్నాడులో బోలెడు గొర్రెలున్నాయి, చెబితే పంపించేవాణ్ణి కదా" అన్నారు బావగారు. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఏ సమస్య అయినా సరుకు రవాణా సమస్యే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం ఆయనది.

తాగడానికి వైన్ ఉందా అని అడగలేదు. లైసెన్సు ఇంకా రాలేదని మెనూలోనే చిన్న అక్షరాల్లో రాశారు. అది చదవగానే నాకో పాత నాటిక గుర్తొచ్చింది. ఈజిప్టులో ఆక్సిరింకస్ అనే ఊరి చెత్తకుప్పల్లో దొరికిన ఓ గ్రీకు ప్రహసనం, రాతప్రతి క్రీ.శ. 2వ శతాబ్దపుది. కారిటియన్ అనే గ్రీకు యువతి హిందూ మహాసముద్ర తీరంలో ఒక రాజుకు చిక్కుతుంది. ఆమె మనుషులు వచ్చి ఆ రాజుకూ అతని పరివారానికీ నీళ్లు కలపని వైన్ పట్టించి, వాళ్లు తూలుతుంటే ఆమెను ఓడెక్కించి తీసుకుపోతారు. ఆ రాజు మనుషులు మాట్లాడే భాష కన్నడమేనని మన శాసనాలు చదివిన హుల్ష్ పండితుడు 1904లోనే వాదించాడు. కాదు తుళు అన్నవాళ్లున్నారు, ఏదీ కాదు ఉత్త కూతలే అన్నవాళ్లూ ఉన్నారు. హుల్ష్ మాటే నిజమైతే గ్రీకులు కన్నడదేశంలో క్యాటరింగ్ మొదలుపెట్టి దగ్గర దగ్గర రెండువేల ఏళ్లు. అప్పుడు వైన్ ఉచితం. ఇప్పుడు పుచ్చకాయ రసంలో నాలుగు పుదీనా ఆకులు వేసి గ్లాసు 320. అప్పటి రాజుకు మత్తెక్కాకే ఒళ్లు తెలియలేదు, మేము మత్తు లేకుండానే నాలుగు గ్లాసులు చెప్పేశాం.

గ్రీకు, ఇటాలియన్ రెండూ ఒకే వంటింట్లో ఎలా అని మా ఆవిడ సందేహం. ఉడిపి హోటల్లో నార్త్ ఇండియన్ మీల్స్ దొరికినట్టే అని తేల్చేయొచ్చు గానీ, నిజానికి వాళ్లది పాత చుట్టరికం. పిజ్జాకు పుట్టినిల్లు నేపుల్స్. ఆ ఊరు కట్టింది గ్రీకులే. పెట్టిన పేరు నియాపోలిస్, అంటే కొత్తపట్నం. మన ఒంగోలు పక్కన సముద్రం ఒడ్డున ఉన్నదీ కొత్తపట్నమే. అక్కడివాళ్లు చేపల పులుసు దగ్గర ఆగిపోయారు, ఇక్కడివాళ్లు పిజ్జా దాకా వెళ్లారు. తేడా అంతే.

మా ఆవిడ మెనూ అంతా తిరగేసి, తనకు తెలిసిన పదం పైనాపిల్ ఒక్కటే కనిపించడంతో ఆ పిజ్జా చెప్పింది. మా అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, ఇటాలియన్లు చూస్తే ఏడుస్తారు! పిజ్జా మీద పైనాపిల్ ఏంటి?" ఆవిడ చిన్నబోయింది. నేను కలగజేసుకోక తప్పలేదు. పిజ్జా మీద మొదటిసారి అనాసపండు ముక్కలు వేసినవాడు సామ్ పానోపౌలోస్. కెనడాలోని చాథమ్ అనే ఊళ్లో 1962లో, తన రెస్టారెంటులో, చూద్దాం ఏమవుతుందోనని డబ్బాలోంచి తీసి వేశాడు. దానికి హవాయి అని పేరు పెట్టాడు. ఆయన పుట్టుకతో గ్రీకు. ఇటాలియన్ రొట్టె మీద గ్రీకువాడి చెయ్యి! అంటే ఆ టేబుల్ మీద అసలు సిసలు గ్రీకు-ఇటాలియన్ వంటకం ఏదైనా ఉంటే అది మా ఆవిడ చెప్పిన పిజ్జా ఒక్కటే. ఆ రాత్రంతా ఆవిడ నన్ను కొంచెం గౌరవంగా చూసింది.

పిజ్జాలు మాత్రం రాలేదు. నేపుల్స్ పద్ధతి పిజ్జా అంటే 485 డిగ్రీల కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లు కాలాలని 2010లో ఐరోపా సమాఖ్య కాగితం మీద రాసిపెట్టింది. మాకు 35 నిమిషాలు పట్టింది. తీరిగ్గా లెక్కేశాను. ఆ సమయంలో ఒకే పిజ్జాను 23 సార్లు కాల్చవచ్చు.

వచ్చాక బావగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ఎవరో చనిపోయారని విన్నట్టు కాసేపు కదలకుండా కూర్చున్నారు. తర్వాత మెల్లగా "కారం ఏదండీ?" అన్నారు. చిల్లీ ఫ్లేక్స్ సీసా వచ్చింది. అంతసేపూ అతిథిగా ఉన్న మనిషి అప్పుడు వ్యాపారి అయిపోయారు. సీసాలోది అరచేతిలో పోసుకున్నారు. దీపం కిందికి జరిపి చూశారు. వేలితో విడదీశారు. వాసన చూశారు. "తాలు" అన్నారు.

తాలంటే యార్డులో రంగు పోయి తెల్లబడ్డ కాయ. ధర పలకదు. "దీన్నిండా గింజే ఉంది బావగారూ. కాయలో కారం గింజలో ఉండదు, గింజ అంటుకునే తెల్లటి పొర ఉంటుంది చూడండి, అందులో ఉంటుంది. వీడు తోలు వేరే ఎవరికో అమ్మి గింజ ఇక్కడ పోశాడు. రంగుకేమో కాస్త బ్యాడిగి కలిపాడు. తేజా వాసనే లేదు." పక్క టేబుల్లో ఉన్న జంట సీసా మూత పెట్టేశారు.

ఈ ఉపన్యాసానికి ఓనరే వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, తొమ్మిది రోజులు గ్రీసు తిరిగొచ్చి ఇది పెట్టాడట. మొదట ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాడు. బావగారి నోట తాలు అన్న మాట రెండోసారి వినగానే భాష మారింది. "మీది గుంటూరాన్నా? మాది మదనపల్లె."

మదనపల్లె అంటే టమాటా. టమాటా అంటే, మెనూలో 'మా సాస్ సాన్ మర్జానో టమాటాలతో' అని రాసి ఉందే! నా చూపు ఎటు పోయిందో కుర్రాడు కనిపెట్టేశాడు. గొంతు తగ్గించాడు. "ఆ డబ్బాలు తెప్పిస్తే మనం బతకలేం సార్. మా నాయన మార్కెట్టు నుంచి క్రేట్లు పంపిస్తాడు. యాడ పండితే ఏముండాది, టమాటా టమాటానే గదా!"

నాకు కోపం రాలేదు. ఆ మాటకొస్తే టమాటా ఇటలీది మాత్రం ఎప్పుడు? అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో యూరప్‌లో దిగింది. మన మిరపకాయ కూడా ఆ ఖండం నుంచే పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. ఒకటి నేపుల్స్ వంటింట్లోకి, ఇంకోటి గుంటూరు వంటింట్లోకి ఇల్లరికం పోయాయి. ఇప్పుడు రెండూ మా తాతలనాటివని అటు వాళ్లూ ఇటు మనమూ మీసాలు మెలేస్తున్నాం. 1996లో ఇదే బెంగళూరులో పిజ్జా హట్ వాళ్లు మన దేశంలో తొలి కొట్టు తెరిచారు. బ్రిగేడ్ రోడ్డు కెంటకీ చికెన్ కొట్టు మీద రైతు సంఘం దాడి చేసిందీ ఆ ఏడాదే. ఇప్పుడు రైతు కొడుకే పిజ్జా కొట్టు పెట్టాడు. దాడి ఇలా కూడా చేయవచ్చని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఓనరూ బావగారూ పక్కకెళ్లి కూర్చున్నారు. కిలోల్లో మొదలైన మాట టిక్కీల్లోకి, అంటే మిర్చి బస్తాల్లోకి, వెళ్లడం నా చెవిన పడింది.

బిల్లు వచ్చింది. నాలుగు వేలు. దాని మీద సర్వీస్ ఛార్జి నాలుగు వందలు. రెండూ కలిపి దాని మీద జీఎస్టీ 220. సర్వీస్ ఛార్జి బిల్లులో తమంతట తాము వేయకూడదని వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. హోటళ్లవాళ్లు ఢిల్లీ హైకోర్టుకెక్కారు, 2025 మార్చిలో కోర్టు సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. ఇవన్నీ నాకు తేదీలతో సహా తెలుసు. వాటిమీద ఇదే కాలమ్‌లో నిప్పులు కక్కి ఉంటాను కూడా. నోరు తెరవబోయాను. "నాన్నా, ప్లీజ్. మనం రోజూ ఈ సందులోంచే వెళ్లాలి" అంది అమ్మాయి. సందులో పరువు నాలుగు వందలంటే చవకే అనుకుని కార్డు ఇచ్చేశాను. మిరియాలకూ ముత్యాలకూ పట్టుబట్టలకూ మోజుపడి ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియా పాలు చేస్తున్నామని 1వ శతాబ్దంలో రోమన్ పండితుడు ప్లినీ వాపోయాడు. ఆయన ఆత్మకు ఆ రాత్రి 4,620 రూపాయల మేర శాంతి కలిగి ఉంటుంది.

ఇది జరిగి రెండు నెలలు. మొన్న ఆదివారం మా అమ్మాయి మళ్లీ తీసుకెళ్లింది. గుమ్మంలో నల్లబల్ల మీద రంగుసుద్దతో కొత్తగా రాశారు: 'కలాబ్రియన్ ఫైర్. దక్షిణ ఇటలీ ఎండలో పండిన అరుదైన మిరప. పిజ్జా మీద అదనంగా 150 రూపాయలు.' తిన్నాను. చెవుల్లోంచి పొగలొచ్చాయి. ముక్కు కారింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అందులో సగం ఇంటి బెంగవి. "చూశావా నాన్నా, ఆథెంటిక్ అంటే ఇదీ" అని అమ్మాయి ఫొటో తీసుకుంది. ఓనరు కుర్రాడు కౌంటరు వెనక నుంచి నా వంక చూడకుండా దండం పెట్టాడు.

ఇంటికొచ్చి బావగారికి ఫోన్ చేశాను. తొడిమలు తీయించి ఒక టిక్కీ తేజా పంపానని ఒప్పుకున్నారు. కలాబ్రియా ఎక్కడుందని అడిగారు. ఇటలీ మ్యాపు బూటులా ఉంటుంది, అందులో బొటనవేలి దగ్గర అని చెప్పాను. అక్కడా మిరపకు పేరుందా అంటే ఉందన్నాను. ముక్క మీద ఎంత చల్లుతున్నాడని ఆరా తీశారు. రెండు చిటికెలన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. లెక్క కడుతున్నారని అర్థమైంది.

"అయితే వచ్చే లోడుకి కాటా కూలీ, కమీషనూ కాక, ఇటలీ నుంచి గుంటూరుకు లారీ కిరాయి కూడా వేస్తాను బావగారూ."