సెర్చ్ బాక్స్ కథ

ఇంటర్నెట్‌లో ఏదైనా కావలసినవారు మాటలు టైపు చేసే ఖాళీ గడి ఈ సెర్చ్ బాక్స్. దీని వంశానికి మూలపురుషుడు ఆర్చీ. 1990లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎమ్‌టేజ్ తయారుచేసిన ఆ ప్రోగ్రాము ఫైళ్ల పేర్లను మాత్రమే వెతికేది. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా పేజీల్లోని పాఠమంతా గాలించింది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్థాపించిన గూగుల్, ఒక పేజీకి ఎలాంటి పేజీలు లింకు ఇస్తున్నాయో కూడా చూసి వరుస నిర్ణయించింది.

బాల్యంలో ఈ గడిని మోసగించడం తేలిక. సైటు యజమానులు పైకి కనిపించని కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో సంబంధం లేని మాటలు కుక్కేవారు. తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో ఒకే మాటను పదేపదే రాసేవారు. ర్యాంకింగుకు ఆ ట్యాగ్‌ను వాడడం లేదని గూగుల్ 2009లో ప్రకటించింది. గూగుల్ సెర్చ్‌లో 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అనే మార్పులు వచ్చాక విడి మాటల కన్నా మొత్తం ప్రశ్న భావానికి విలువ పెరిగింది.

గడిలో పడే మాటల వెనుక ఉద్దేశాలను కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రీ బ్రోడర్ 2002లో మూడుగా విభజించాడు: విషయం తెలుసుకోవడం, ఫలానా సైటుకు చేరడం, పని జరిపించుకోవడం. కాకినాడ జిల్లా ఉప్పాడ చీరలనే తీసుకుంటే, ‘ఉప్పాడ చీర ఉతకడం ఎలా’ అన్నది మొదటి రకం. చేనేత సహకార సంస్థ ఆప్కో కోసం ‘ఆప్కో వెబ్‌సైట్’ అని కొట్టడం రెండోది. ‘ఉప్పాడ పట్టుచీర 10 వేల లోపు’ మూడోది. ‘ఉప్పాడ మంచిదా, కంచి మంచిదా’ అని అడిగేవారు ఇంకా బేరానికి దిగలేదు, కానీ కొనే ఆలోచనలో ఉన్నారు.

అమ్మేవారి మాట వేరు, కొనేవారి మాట వేరు. నేతగాడు జాందానీ, కౌంటు, బుటా అంటాడు. కొనే మనిషి ‘పెళ్లికి బరువు లేని పట్టుచీర’ అని కొడుతుంది. ఆ మాటలు పేజీలో ఎక్కడా లేకపోతే, సరుకు ఎంత మంచిదైనా ఆమె కంటపడే అవకాశం తక్కువ. ఒకరు తెలుగు లిపిలో, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, మరొకరు అచ్చంగా ఇంగ్లీషులో అడుగుతారు. 2017 నుంచి గూగుల్‌లో తెలుగులో నోటితో చెప్పే వీలూ వచ్చింది. చిన్న చిన్న స్పెల్లింగు తేడాలను సెర్చ్ ఇంజన్ చాలావరకు సర్దుకుంటుంది కనుక ఒక్కోదానికి ఒక్కో పేజీ అక్కర్లేదు. విదేశాల్లోని తెలుగువారికీ అమ్మే దుకాణానికి తెలుగు, ఇంగ్లీషు పేజీలు రెండూ ఉండడం మేలు.

కొనేవారు వాడే ఇలాంటి మాటల, అంటే కీవర్డుల, సేకరణ దుకాణం ఫోను, వాట్సాప్‌ల దగ్గర మొదలవుతుంది. కొనేవారు అడిగిన ప్రశ్నను సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాసుకోవాలి. తర్వాత ఈ గడిలో ‘ఉప్పాడ’ అని కొట్టి ఎంటర్ నొక్కకుండా ఆగితే, కింద సూచనల వరుస దిగుతుంది. 2004లో ప్రయోగంగా మొదలైన ఈ సదుపాయానికి జనం నిజంగా వెతికిన మాటలే ఆధారం. ఎంటర్ నొక్కాక వచ్చే ఫలితాలూ ఉద్దేశాన్ని బయటపెడతాయి: అన్నీ వీడియోలూ వ్యాసాలూ అయితే అడిగేవారికి సమాచారం కావాలి, ధరలతో దుకాణాలు వస్తే వస్తువు కావాలి.

ఒక్కో మాటను నెలకు సగటున ఎన్నిసార్లు వెతుకుతున్నారో గూగుల్ కీవర్డ్ ప్లానర్ అంచనా చెబుతుంది. గూగుల్ ట్రెండ్స్‌లో కనిపించే 0 నుంచి 100 అంకెలు వెతికినవారి సంఖ్య కావు, ఆసక్తి హెచ్చుతగ్గులు. శ్రావణమాసపు గిరాకీకి పేజీ ఎప్పటికి సిద్ధం కావాలో వాటిని బట్టి తెలుస్తుంది.

ఎంపికలో ‘చీరలు’ వంటి ఒంటిమాటకు పోటీ విపరీతం, ఉద్దేశం అస్పష్టం. ‘ఉప్పాడ పట్టుచీర 10 వేల లోపు’ అని వెతికేవారు కొద్దిమందే అయినా కొనడానికి సిద్ధపడి వస్తారు. ఒక్కో ఉద్దేశానికి ఒక్కో పేజీ చాలు. రెండు పేజీలు పెడితే అవి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఎంచుకున్న మాట పేజీ శీర్షికలో, మొదటి పేరాలో, ఫొటో వివరణలో సహజంగా ఇమడాలి. అదే మాటను అదేపనిగా తిప్పితిప్పి రాస్తే స్పామ్ కింద లెక్క.

సైటు నడుస్తున్నాక గూగుల్ సెర్చ్ కన్సోల్ చూడాలి. ఏ మాటలకు పేజీ ఎన్నిసార్లు కనిపించిందో, ఎన్ని క్లిక్కులు వచ్చాయో అందులో ఉంటుంది. చాలాసార్లు కనిపించినా క్లిక్కులు రాకపోతే శీర్షిక అడిగినదానికి జవాబులా లేదేమో సరిచూసుకోవాలి. గూగుల్‌కు రోజూ వచ్చే ప్రశ్నల్లో దాదాపు 15 శాతం అంతకుముందెన్నడూ రానివేనని ఆ సంస్థే చెప్పింది. కాబట్టి కీవర్డుల జాబితా ఒకసారి రాసి మూసేసేది కాదు. కన్సోల్‌లో కొత్తగా కనబడిన మాటలను ఎప్పటికప్పుడు చేర్చుకుంటూ, ఎవరూ అడగనివాటిని తీసేస్తూ ఉండాలి.