ముఖానికి రెండు పూటల భోజనం

చంద్రపూర్ బాబుపేట్‌లో విటమిన్లు ఇప్పుడు ముఖానికే వడ్డిస్తున్నారు.
పొద్దున సి సీరమ్. రాత్రికి ఎ, అదే రెటినాల్.
కడుపుకు మాత్రం టీలో ముంచిన బిస్కెట్.

సీరమ్ సీసా మీద చీమతలకాయంత అక్షరాలు: ‘చల్లగా, చీకటిగా ఉండే చోట ఉంచండి.’
మే నెలలో 47 డిగ్రీలు కాసే ఊళ్లో ఆ చోటేదో కంపెనీవాళ్లే వచ్చి చూపించాలి!
ఇక దిక్కు ఫ్రిజ్జే. ఇడ్లీ పిండి గిన్నె పక్కన సీరమ్‌కు సీటు.
కరెంటు పోయిందా, రెండూ గోవిందా.
పిండి పులిస్తే అట్లయినా పోసుకోవచ్చు. గాలీ వేడీ తగిలిన సి విటమిన్ గోధుమరంగుకు తిరుగుతుంది.
ముఖం తెల్లబడలేదు గానీ, మందు నల్లబడింది.

(ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టుకుని కరెంటు పోవడమేమిటని అడక్కండి.)

మరి ఎండ పుణ్యాన ఊరికే వచ్చే డి విటమిన్?
అమ్మో, నల్లబడిపోమూ! కళ్లు తప్ప అంతా స్కార్ఫే.
ఆనక డి మాత్రలకు డాక్టరు చీటీ.

వందలు పోసి సీరమ్ కొన్న ఆ చేత్తోనే సాయంత్రం నిమ్మకాయల బండి దగ్గర బేరం:
“పదికి మూడేనా? ఇంకోటి వెయ్యి, అన్నా!”