ఆత్మాన్వేషణకు అడ్వాన్సు బుకింగ్

బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ల వయసులో ఏ-లెవెల్స్ అనే పరీక్షలు, అంటే తెలుగునాట ఇంటర్మీడియట్‌కు ఇంచుమించు సమానమైనవి, ముగిశాక విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం చేసుకొని, చేరడాన్ని మాత్రం ఒక ఏడాది వాయిదా వేసి, ఆ ఏడాదిలో దేశాలు తిరిగి రావడాన్ని గ్యాప్ ఇయర్ అంటారు. ప్రవేశాల దరఖాస్తులు చూసే యూకాస్ అనే సంస్థ ఈ వాయిదాకు దరఖాస్తులోనే వీలు కల్పించింది కనుక, తెలియని లోకంలోకి తెగించి దూకే సాహసికి తిరిగివచ్చి కూర్చోవలసిన బెంచీ ముందే సిద్ధంగా ఉంటుంది. ఈ ఆచారాన్ని వెనకేసుకొచ్చేవారు చెప్పేది ఏమంటే, ఆ ఏడాదిలో యువకుడు తనను తాను కనుగొంటాడు, సొంత కాళ్లపై నిలబడడం నేర్చుకుంటాడు, పైపెచ్చు పేద దేశాలకు నాలుగు మంచి పనులు చేసి వస్తాడు. ఈ ఘనకార్యాలలో నిజమెంతో తేల్చడానికి అతడు తిరిగివచ్చేదాకా ఆగనక్కరలేదు, సన్నాహాలను కాస్త దగ్గరగా చూస్తే చాలు.

ఈ వేడుక కొత్తదేమీ కాదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో ఇంగ్లండు జమీందారీ కుటుంబాల కుమారులు ఒక ఉపాధ్యాయుణ్ణి, ఇద్దరు ముగ్గురు నౌకర్లను వెంటబెట్టుకొని పారిస్, వెనిస్, రోమ్ నగరాలను చుట్టి వచ్చేవారు. దానిని గ్రాండ్ టూర్ అనేవారు. వెళ్లివచ్చిన సంగతి ఊరివారికి తెలియాలి కదా, అందుకని రోమ్‌లో పాంపియో బటోనీ అనే చిత్రకారుడి చేత నిలువెత్తు బొమ్మ గీయించుకొనేవారు. 1766 నాటి అటువంటి చిత్రంలో కల్నల్ విలియం గార్డన్ అనే స్కాట్లండు దొర గళ్లబట్ట కట్టుకొని, కత్తి పట్టుకొని, రోమ్ నగరమంతా తన జాగీరైనట్టు నిలబడి ఉంటాడు, వెనుక కొలోసియం శిథిలాలు ఒదిగి కనిపిస్తాయి. సెల్ఫీలో మనిషి ముందు, చరిత్ర వెనుక ఉండాలన్న సూత్రం సెల్‌ఫోను కంటే రెండు శతాబ్దాలకు పైగా ముందుదని దీనివల్ల రుజువవుతున్నది.

నేటి దొరబాబు సన్నాహాలు క్లినిక్‌లో మొదలవుతాయి. హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ టీకాలను ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఉచితంగా వేస్తుంది, రేబీస్‌కు ముందస్తుగా మూడు మోతాదులు, జపనీస్ మెదడువాపుకు మరికొన్ని మాత్రం సాధారణంగా సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ఆ పైన మలేరియా మాత్రలు, అరవై అయిదు లీటర్ల వీపుసంచి, నీటిని శుద్ధిచేసే బిళ్లలు, పరుపు మీది నల్లుల నుంచి కాపాడే పట్టు సంచి, అవసరమైతే రోగిని విమానంలో స్వదేశానికి చేర్చే బీమా, తలిదండ్రుల ఫోనులో కుమారుడు ఎక్కడున్నదీ నిమిషనిమిషానికీ చూపే యాప్ వచ్చి చేరతాయి. టికెట్టు సంగతి మరీ ముచ్చటైనది. విమాన సంస్థల కూటములు అమ్మే ప్రపంచ ప్రదక్షిణ టికెట్టుకు ఏడాది గడువు ఉంటుంది, తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగాలి, మజిలీలను ముందే చెప్పాలి. ఎటు పోవాలో తెలియని మనసు ఏ తేదీన ఎక్కడ తేలాలో ఈ విధంగా ఏడాది ముందే నిర్ణయమై ఉంటుంది. నష్టభయమంతటినీ బీమా కంపెనీకి అప్పగించి బయలుదేరినవాడు సాహసం చేస్తున్నాడని అనడం కంటే, సాహసానికి చందా కట్టాడని అనడం సబబు.

చందా అన్న మాట ఊరికే రాలేదు. కొందరికి తండ్రి ఖాతా సరిపోతుంది, తక్కినవారు సేవ పేరిట విరాళాలు పోగుచేస్తారు. కేకులు అమ్ముతారు, కార్లు కడుగుతారు, క్విజ్ పోటీలు పెడతారు, పొరుగింటి ముసలావిడ పింఛను లోంచి అయిదు పౌండ్లు పుచ్చుకొని ధన్యవాదాలు చెబుతారు. ఆ ముసలావిడ కంబోడియా పిల్లల చదువుకు ఇచ్చాననుకుంటుంది, సొమ్ములో అధిక భాగం ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాడి విమాన ఛార్జీకి, ఏర్పాట్లు చేసిన కంపెనీ రుసుముకు పోతుంది. సేవను, విహారాన్ని ఒకే ప్యాకేజీలో అమ్మే ఈ వ్యాపారానికి వలంటూరిజం అని పేరు.

అసలు రసమంతా ఇక్కడే ఉంది. ఇంగ్లండులో ఏదైనా పాఠశాలలో పిల్లలతో మెలిగే పనికి కుదిరే వలంటీరుకు సాధారణంగా డీబీఎస్ తనిఖీ, అంటే నేరచరిత్ర ఏమైనా ఉందా అని ప్రభుత్వ సంస్థ చేసే విచారణ, జరుగుతుంది. పాఠం చెప్పాలంటే శిక్షణ, అర్హత గురించి సహజంగానే అడుగుతారు. విమానం ఎక్కి పది గంటలు ప్రయాణం చేసేసరికి అదే కుర్రవాడు ఇంగ్లిషు మాస్టారు, తాపీమేస్త్రీ, అనాథల సంరక్షకుడు ఏకకాలంలో అయిపోతాడు. కంబోడియాలో 2005, 2010 సంవత్సరాల మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని, వాటిలోని పిల్లలలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ 2011లో బయటపెట్టింది. దయగల పర్యాటకులు పెరిగితే అనాథలు తగ్గుతారని అనుకొన్నవారికి సరుకు, గిరాకీల సూత్రం తెలియదన్నమాట. అమ్మానాన్నలున్న బిడ్డను ఆశ్రమంలో చేర్చి, రెండేసి వారాలకొక కొత్త అన్నయ్యను, అక్కయ్యను మార్చి మార్చి కౌగిలించుకోనిచ్చే ఏర్పాటును సేవ అనడానికి చాలా గుండెధైర్యం కావాలి.

పద్దెనిమిదేళ్ల బ్రిటిషు యువకులను విదేశీ సేవకు పంపే ఉద్దేశంతోనే 1958లో వీఎస్‌వో అనే సంస్థ పుట్టింది. తరువాతి కాలంలో పనితనం ఉన్న వృత్తినిపుణులనే పంపడానికి మళ్లిన ఆ సంస్థే, 2007లో, సరిగా ఆలోచించని ఇటువంటి పథకాలలో చేరడం కంటే ఊరికే దేశాలు తిరిగి రావడం మేలని, లేకుంటే ఈ పిల్లలు కొత్త వలసవాదులుగా తయారవుతారని హెచ్చరించింది. ఆ హెచ్చరిక వ్యాపారాన్ని ఆపలేదు. అంతకు ముందే, 2000 సంవత్సరంలో, గ్యాప్ ఇయర్‌లో ఉన్న ప్రిన్స్ విలియం చిలీలో మరుగుదొడ్డి కడుగుతుండగా తీసిన ఫొటో లోకమంతా తిరిగింది, రాజకుమారుడు కడిగిన దొడ్డి ముందు నిపుణుల మాట ఎంత!

ఇక ప్రయాణారంభం. హీత్రూ విమానాశ్రయంలో తల్లి కన్నీరు పెట్టుకొంటుంది, కుర్రవాడు బ్యాంకాక్‌లో దిగి ఖావ్ సాన్ రోడ్డులో గది తీసుకొంటాడు. ఆ వీధిలో అప్పటికే అతడి వంటివారు వందల మంది ఏనుగు బొమ్మల పైజమాలు వేసుకొని, అరటిపండు ప్యాన్‌కేకులు తింటూ ఉంటారు. ఆగ్నేయాసియాలో వీరు నడిచే దారికి బనానా ప్యాన్‌కేక్ ట్రైల్ అనే పేరే స్థిరపడింది. ప్రపంచాన్ని చూడవచ్చినవాడికి మొదటి రాత్రే తన జిల్లా వాళ్లు తగులుతారు, స్వతంత్రుడైనట్టు ఇంటికి సందేశం వెళుతుంది.

తెలుగునాట కూడా ఇంటర్ తరువాత ఒక ఏడాదిని పక్కన పెట్టే ఆచారం ఉంది, దానిని లాంగ్ టర్మ్ అంటారు. వైద్య సీటు రానివారు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్ గదిలో చేరి, అదే సిలబస్‌ను మళ్లీ మొదటినుంచి చదువుతారు, అందులో తమను తాము కనుగొనే పీరియడ్ ఉండదు. డిగ్రీ తరువాత ఇంట్లో ఏడాది ఖాళీగా ఉన్నవాడు విదేశీ చదువుకు దరఖాస్తు పెడితే, ఆ ఏడాది ఏమైందో సంజాయిషీ రాసుకోవాలి, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించాలి, చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయాలి. ఆ ఖాళీని లేని ఉద్యోగపు అనుభవపత్రంతో పూడ్చిపెట్టే కన్సల్టెన్సీలున్నాయన్నది బహిరంగ రహస్యమే. బ్రిటిషు కుర్రవాడి దరఖాస్తులో వ్యక్తిత్వంగా చెల్లుబాటయ్యే ఏడాది తెలుగు కుర్రవాడి ఫైలులో అనుమానాస్పద కాలం అవుతుంది.

బ్రిటిషు యువతి భారతదేశంలో తనను తాను వెదుక్కోదలిస్తే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవచ్చు. భారతీయ యువతి బ్రిటన్‌లో అటువంటి వెదుకులాటకు దిగాలంటే 2023లో మొదలైన యంగ్ ప్రొఫెషనల్స్ పథకం ఉంది. ఏడాదికి 3,000 స్థానాలు, వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, డిగ్రీ ఉండాలి, బ్యాంకులో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి, వీటన్నిటికంటే ముందు లాటరీలో పేరు రావాలి.